తొట్టి దగ్గర చోటు

“అయితే మీ నోటితోనే చెప్పండి అత్తయ్యా. ఇది జబ్బా, వేషమా?”

అల్లుడు చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడి అడిగాడు. పనిలోకి వెళ్తూ దారిలో ఆగాడు. చెవి మీద పెన్సిలు, భుజాన రంపం ఉన్న సంచి. వడ్రంగి. చెక్కలో పగులుంటే బొటనవేలితో తడిమి చెప్పేస్తాడు. పెళ్ళాం రెండు నెలలుగా నోరు తెరిచి చెబుతుంటే మాత్రం బుర్రకెక్కలేదు మహానుభావుడికి.

కూతురు గోడకి జారగిలబడి మూడు నెలల పిల్లకి పాలిస్తోంది. మొన్న లాండ్రీలో తడి దుప్పట్ల మూటతో సహా మెట్ల మీద కూలబడినప్పటి నుంచీ పుట్టింట్లోనే ఉంది.

“వేషాలు వేసేంత తీరిక నాకెక్కడుంది?” అంది మొగుడి వైపు చూడకుండా. “కిందకి ఏదో జారుతోందని చెప్పాను. కూర్చుంటే గుడ్డు మీద కూర్చున్నట్టుందని చెప్పాను. నవ్వావు.”

“నవ్వకేం చెయ్యమంటావు? ఒక్కపిల్లని కన్నావు. మీ అమ్మ నలుగురిని కంది. ఇవాళ్టికీ యాభై కిలోల మూట ఎత్తి మేడెక్కుతుంది. లాండ్రీలో అందరూ ఉక్కుపిండం అంటారావిణ్ణి. ఆ కడుపున పుట్టి నువ్వు...”

“అమ్మ సంగతి వేరు.”

“ఏం వేరు? అదే అడుగుతున్నాను.”

తల్లి పొయ్యి దగ్గర నిలబడి పాలగిన్నె వైపు చూస్తోంది. పాలు పొంగుకొస్తున్నా చెయ్యి కదలలేదు. ఈవిడే ఆ లాండ్రీలో తడి సెక్షనుకి మేస్త్రి. పదిహేనుమంది ఆడవాళ్ళని ఒక్క కేకతో నడిపించే మనిషి. ఇప్పుడు ఆ కేక ఎటుపోయిందో తెలియదు.

“చూడండత్తయ్యా, నేనేం రాక్షసుణ్ణి కాను,” అల్లుడు గొంతు తగ్గించాడు. “మా అమ్మ రోజూ నన్ను తినేస్తోంది, కోడలు పనికి వంక పెడుతోందని. మీరు ఒక్క మాట, ‘జబ్బే బాబూ’ అనండి. నేను నమ్ముతాను. మా అమ్మకి నేనే సర్దిచెప్పుకుంటాను. లేదా, ఇవాళ నా వెంట పంపించెయ్యండి.”

“డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం కదా బాబూ,” అంది తల్లి. “ఆవిడేమంటుందో చూద్దాం.”

“డాక్టర్లు ఏదో ఒకటి అంటారు. నేను మిమ్మల్ని అడిగాను.”

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. మాడు వాసన ఇల్లంతా నిండింది. అతను సంచి సర్దుకుని, “మధ్యాహ్నం వస్తాను. అప్పటికైనా చెప్పండి,” అని వెళ్ళిపోయాడు.

కూతురు వరండా వైపు చూసింది. అక్కడ తండ్రి తన బెంచీ మీది పరుపు చుడుతున్నాడు. అదే లాండ్రీలో ఇస్త్రీ పని ఆయనది. ఇస్త్రీపెట్టెకి ఉన్నన్ని మాటలే ఆయనకీ ఉన్నాయని ఇంట్లో ఒక వేళాకోళం.

“నాన్నా, నువ్వన్నా ఒక మాట అనకూడదూ?”

“నాదేముందే. మీ అమ్మ ఉందిగా,” అంటూ ఆయన పరుపు మూలకి పెట్టి, చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ వీధిలోకి నడిచాడు.

*

డాక్టరమ్మ పొట్టి మనిషి. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనవు. పరీక్ష చేసి, చేతులు కడుక్కుని వచ్చి, “గర్భసంచి జారింది,” అని సూటిగా చెప్పేసింది. తరువాత కాగితం ముందేసుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది.

“నొప్పులు ఎంతసేపు పడ్డావు?”

“రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలండీ.”

“బిడ్డ బరువు?”

“నాలుగు కిలోలు దాటింది,” తల్లి అందుకుంది. “ఆసుపత్రిలో అందరూ ఎత్తుకుని ముద్దాడారు.”

“మామూలుగానే బయటికొచ్చిందా?”

“లేదండీ. చివరికి పట్టకార్లు పెట్టి లాగారు,” అంది కూతురు.

“పనిలోకి ఎప్పుడెళ్ళావు?”

“ఇరవై రెండో రోజున.”

డాక్టరమ్మ పెన్సిలు ఆగింది. “ఏం పని?”

“లాండ్రీలో తడి సెక్షనండీ. ఆసుపత్రుల దుప్పట్లు, లాడ్జీల దుప్పట్లు వస్తాయి. ఉతికి తొట్టిలో వేస్తే, మూటకట్టి ఇద్దరం చెరోవైపు పట్టుకుని మేడమీదికి మోస్తాం. మూడంతస్తులు.”

“ఎంత బరువు?”

కూతురు అమ్మ వైపు చూసింది. “నలభై,” అంది తల్లి. ఒక్క క్షణం ఆగి, “యాభై కూడా ఉంటుంది,” అంది.

“దగ్గు ఉందా?”

“బ్లీచింగు ఘాటుకి అక్కడ అందరికీ ఉంటుందండీ.”

“విరేచనం సాఫీగా అవుతుందా? ముక్కాల్సి వస్తుందా?”

కూతురు తల దించుకుంది. “పనిలో ఉన్నంతసేపూ నీళ్ళు తాగమండీ. బాత్రూం గేటు దగ్గరుంది. ఒకళ్ళు వెళ్తే రెండోమనిషి మూట పట్టుకుని నిలబడాలి.”

ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్నలు. అడుగుతున్న కొద్దీ ఆ పిల్ల గొంతులో బెరుకు పోతోంది. తన ఒంట్లో జరిగినదానికి ఒక లెక్క ఉందని, తను చేతకానిది కావడం వల్ల జరిగింది కాదని, ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

“ఇంకొక్కటి,” అంది డాక్టరమ్మ. “మీ అమ్మకి గానీ, అమ్మమ్మకి గానీ ఇలా జారడం ఉందా?”

ఇద్దరూ తల్లి వైపు తిరిగారు.

“లేదమ్మా,” అంది తల్లి. “మా ఇంటావంటా లేదు.”

అబద్ధం. పచ్చి అబద్ధం. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆవిడ ఒంటికి మడతపెట్టిన గుడ్డ కట్టి ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఏ పొద్దూ అది లేకుండా గడప దాటలేదు. దగ్గొస్తే తలుపు పట్టుకుని, కాళ్ళు దగ్గరికి బిగించి దగ్గుతుంది. మేడమెట్ల మీద మూట దించుకుని, ‘మీరు పదండే, నేనొస్తున్నా’ అని అందరినీ ముందు పంపించి, ఎవరూ లేనప్పుడు చీర కుచ్చిళ్ళ మీద అరచేయి ఆనించి సర్దుకుంటుంది. అది చూడనివాళ్ళు ఉక్కుపిండం అన్నారు. ఆవిడ కూడా అనిపించుకుంది.

డాక్టరమ్మ ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, కూతురికి చెప్పడం మొదలుపెట్టింది. “గర్భసంచిని మోసే కండరాలు అడుగున ఉంటాయి. పెద్ద బిడ్డ, బాగా సేపు నొప్పులు, పట్టకార్లు. అప్పుడే సాగిపోయాయి. అవి కోలుకోకముందే బరువులు, దగ్గు, ముక్కడం. ఇదొక్కటే కారణమని దేన్నీ చెప్పలేను. అన్నీ కలిసి కిందకి తోశాయి.”

“మరి అమ్మకుందా అని ఎందుకడిగారండీ?”

“కొందరికి ఆ పట్టు పుట్టుకతోనే కాస్త వదులు. తల్లికుంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ. ముందే తెలిసుంటే కాన్పులో జాగ్రత్త పడేవాళ్ళం. తరువాత బరువులు ఎత్తనిచ్చేవాళ్ళం కాదు, కండరాలు బిగించే వ్యాయామం చేయించేవాళ్ళం. అసలు వచ్చేది కాదని అనను. ఇంత తొందరగా, ఇంత కిందకి దిగి ఉండేది కాదేమో.”

తల్లి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గు రాలేదు.

“భయపడకు. లోపల నిలబడేలా ఒక రింగు పెడతాను. నీ కొలతది సాయంత్రానికి తెప్పిస్తాను, నాలుగింటికి రా. వ్యాయామం నేర్పుతాను. చాలామందికి దాంతో బాగా నెమ్మదిస్తుంది. నీ పిల్లకన్నా బరువైనది ఏదీ ఎత్తకు.” డాక్టరమ్మ లేస్తూ తల్లి వైపు తిరిగింది. “మీరు కూడా రండి. మీ వయసుకి ఒకసారి చూపించుకోవడం మంచిది.”

“నాకేమమ్మా! నేను రాయిలా ఉన్నాను,” అంది తల్లి.

*

ఇల్లు చేరేసరికి కూతురు పెదవి కొరుక్కుంటోంది. నడకకి గర్భసంచి మళ్ళీ కిందకి జారింది. చాప మీద ముడుచుకుని పడుకుని, పిల్లని పక్కలోకి లాక్కుని, శబ్దం రాకుండా ఏడ్చింది.

ఏ తల్లయినా అది చూస్తూ ఊరుకోలేదు. ఈ తల్లీ ఊరుకోలేకపోయింది. తలుపు దగ్గరికి వేసి వచ్చి పక్కన కూర్చుంది.

“అలా ముడుచుకోకే. వెల్లకిలా తిరుగు. నడుం కింద ఈ దిండు పెట్టు. కాళ్ళు గోడకి ఆనించు. ఆఁ, అలా. ఇప్పుడు ఊపిరి నెమ్మదిగా వదులు. పీల్చేటప్పుడు కాదు, వదిలేటప్పుడే అది వెనక్కి వెళ్తుంది. తొందరపడకు.”

కూతురు చెప్పినట్టే చేసింది. రెండు నిమిషాలకి మొహం మీది ముడతలు విడిపోయాయి. “తగ్గిందమ్మా,” అంది ఆశ్చర్యంగా.

“తగ్గుతుంది. ఇప్పుడప్పుడే లేవకు.” తల్లి పెట్టెలోంచి పాత దుప్పటి ముక్క తీసి మోకాలి మీద పరిచి, చకచకా మడవసాగింది. “సాయంత్రం దాకా ఇది కట్టుకో. మూడు మడతలు చాలవు, నాలుగు వెయ్యాలి. మూడేస్తే మధ్యాహ్నానికల్లా జారుతుంది.”

కూతురు గోడ మీంచి కాళ్ళు దించింది.

“మధ్యాహ్నానికల్లా జారుతుందని నీకెలా తెలుసమ్మా?”

తల్లి చేతులు ఆగిపోయాయి.

“నిన్నే. ఎలా తెలుసు?”

“ఎవరో అనగా...”

“నా మొహం చూసి చెప్పు.”

చూడలేకపోయింది. మడత మీదే కళ్ళు పెట్టి, “పద్దెనిమిదేళ్ళయింది,” అంది.

“చిన్నతమ్ముడు పుట్టినప్పటి నుంచా?”

“ఊఁ.”

కూతురు మోచేతి మీద లేచింది. చిన్నప్పటి నుంచీ చూసినవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి చోటు మార్చుకుంటున్నాయి. తలుపు పట్టుకుని దగ్గడం. పెళ్ళిళ్ళలో కింద కూర్చోకపోవడం. “అందుకేనా నాన్న వరండాలో పడుకునేది?”

“ఆయన్నేమనకు. నేనే పొమ్మన్నాను.”

“మీ ఇద్దరికీ పడదనుకున్నాం మేం. నలుగురమూ అలాగే అనుకుంటూ పెరిగాం. నాన్న మంచివాడు కాదేమోనని నేను పెళ్ళయ్యేదాకా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు తెలుసా నీకు?”

తల్లి మడత విప్పి మళ్ళీ మొదటి నుంచి వేసింది.

“సరే, అది వదిలెయ్. నన్ను పనిలోకి రమ్మన్నప్పుడు కూడా నీకు ఉంది. ఉంది కదూ? నేను ఒళ్ళు బాగాలేదంటే తొట్టి పక్కన అందరి ముందూ ఏమన్నావు? ‘నాలుగు కాన్పులకీ మూడు వారాలకే వచ్చాను, నాకేమన్నా అయిందా’ అన్నావు. నన్ను చూసి అందరూ నవ్వారు. సిగ్గేసి మూట ఎత్తాను.”

“చోటు పోతుందని భయపడ్డానే. మూడు వారాలకి రాకపోతే తొట్టి దగ్గర ఇంకోమనిషిని పెట్టేస్తారు. పనిపోతే మీ అత్తగారు నిన్ను బతకనిస్తుందా? మేస్త్రినై ఉండి నా కూతురికి చోటు నిలబెట్టలేకపోతే ఎలా అనుకున్నాను.”

“చోటు నిలబెట్టావమ్మా. బాగా నిలబెట్టావు.”

“నీకొస్తుందనుకోలేదే!” తల్లి గొంతు ఒక్కసారిగా పగిలింది. “నీ మీదొట్టు. వస్తుందని తెలిస్తే కాళ్ళు విరగ్గొట్టి ఇంట్లో కూర్చోబెట్టేదాన్ని. అది నాకొక్కదానికే అనుకున్నాను.”

“నీకొక్కదానికే ఎందుకొస్తుంది?”

ఆవిడ ఆ మాట ఇంతవరకూ పైకి అనలేదు. మొగుడితో కూడా అనలేదు. “చిన్నాడు కడుపులో పడ్డప్పుడు వద్దనుకున్నాను. అప్పటికి ముగ్గురు మీరు. ఎవరికీ చెప్పకుండా ఏవో మాత్రలు తెచ్చుకుని మింగాను. పోలేదు. పుట్టాడు. వాడు పుట్టిన నెలకే ఇది దిగింది. కడుపుని కాదన్నాను కాబట్టి కడుపే నన్ను కాదని బయటికొచ్చిందనుకున్నాను. నాకు శిక్ష. ఎవరితో చెప్పుకోను? నువ్వు కోరి కోరి కన్నావు. నీకెందుకొస్తుందనుకున్నాను.”

కూతురు పిల్ల వైపు తిరిగింది. పిల్ల అరచేతిలో తన వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

“డాక్టరమ్మ అడిగినవాటిలో అది లేదమ్మా,” అంది చివరికి.

“ఏది?”

“వద్దనుకోవడం. కాన్పులు అడిగింది. బిడ్డ బరువు అడిగింది. మూట బరువు, దగ్గు, ముక్కడం, తల్లికుందా అని. అంతే. నీకు నాలుగు కాన్పులు, ముప్పయ్యేళ్ళ నుంచి ఆ మూట, ఆ దగ్గు. శిక్షా లేదు, గిక్షా లేదు.”

“లేదా?”

“లేదు.”

“సరిగ్గా విన్నావా?”

“నువ్వూ అక్కడే ఉన్నావుగా. వినలేదూ?”

వినలేదు. ఆ ప్రశ్నలన్నీ తనవి కూడా అవుతాయని ఆవిడకి తట్టనే లేదు. పద్దెనిమిదేళ్ళు చెయ్యని తప్పుకి నోరు కుట్టేసుకుని కూర్చుంది; ఆ మూసిన నోరే ఇప్పుడు నిజంగా తప్పు చేసి పెట్టింది. మడత గుడ్డలో మొహం పెట్టుకుని పెద్దగా ఏడ్చింది ఉక్కుపిండం. కూతురు చూస్తూ పడుకుంది. చెయ్యి చాపితే అమ్మ భుజం అందుతుంది. చాపలేదు.

*

అల్లుడు అన్నమాట ప్రకారం మధ్యాహ్నం దాటాక వచ్చాడు. దారిలో కలిశాడేమో, మామగారు కూడా వెనకే ఉన్నాడు. ఈసారి చెప్పులు బయటే విడిచాడు. నోరు తెరవబోయేలోపే తల్లి లేచి నిలబడింది. జుట్టు చెదిరి ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి.

“జబ్బే బాబూ,” అంది.

అతను తల ఊపబోయాడు.

“ఆగండి. నాకూ ఉంది. పద్దెనిమిదేళ్ళుగా గుడ్డ కట్టుకుని తిరుగుతున్నాను. మీరు మెచ్చుకుంటున్న ఉక్కుపిండం నడుం కింద ఇంత గుడ్డ మూట.” ఆవిడ చేత్తో కొలత చూపించింది. మొగవాళ్ళిద్దరూ తలలు దించుకున్నారు. “ఇవాళ పొద్దున డాక్టరమ్మ అడిగితే లేదన్నాను. పొద్దున మీరడిగితే నోరు విప్పలేదు. నన్ను చూపించి నా కూతుర్ని తిట్టకండి. నా అంత అబద్ధం ఇంకోటి లేదు.”

తండ్రి గుమ్మం పక్కన గోడ పట్టుకున్నాడు. ఆయన కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

అల్లుడు సంచి కింద పెట్టాడు. పెళ్ళాం దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “నాకు తెలీదే. నిజంగా తెలీదు. పద, ఇంటికి పోదాం. మా అమ్మతో నేను మాట్లాడతాను. ఇక నువ్వు చెంబెడు నీళ్ళు కూడా మొయ్యద్దు.”

కూతురు గోడ పట్టుకుని నెమ్మదిగా లేచింది. పిల్లని భుజాన వేసుకుంది.

“రెండు నెలలు నేను చెబితే వేషం,” అంది. “అమ్మ ఒక్కసారి చెబితే జబ్బు. నా ఒళ్ళు నా మాట మీద నమ్మకూడదా?”

“అది కాదే...”

“నేను రాను.”

తల్లి మొహంలో ఆశ లాంటిది కదిలింది. “ఇక్కడే ఉండవే. నేను చూసుకుంటాను. లాండ్రీ మానేసైనా చూసుకుంటాను.”

“ఇక్కడా ఉండలేనమ్మా.” ఆ మాట కోపంగా అనలేదు, అలసటగా అంది. అందుకే అది ఎక్కువ తగిలింది. “ఇందాక నువ్వు చెప్పిందంతా చెప్పాల్సిందే. మూడు నెలల కిందట చెప్పాల్సింది. అప్పుడు నాకొక్కదానికే చెప్పినా సరిపోయేది.”

పిల్ల గుడ్డల సంచి చాప పక్కన ఉంది. ముగ్గురూ ఒకేసారి వంగారు. “ముట్టుకోవద్దు,” అందామె. ముగ్గురూ అలాగే ఆగిపోయారు. సంచి అక్కడే వదిలేసి గుమ్మం దిగింది.

“ఎక్కడికే?” అల్లుడు అరిచాడు.

“డాక్టరమ్మ దగ్గరికి. ఆవిడొక్కతే నన్ను అడిగింది.”

“ఆ తరువాత?”

ఆమె వరండా మెట్లు దిగింది. తరువాత ఎక్కడికో ఆమెకే తెలియదు.

తండ్రి రెండంగల్లో మెట్లు దిగాడు. “నేను తోడు రానా తల్లీ?”

“నీకూ తెలుసు కదా నాన్నా,” అంది. “మొదటి నుంచీ తెలుసు.”

ఆయన దారికి అడ్డం తప్పుకున్నాడు.

వీధిలో ఎండ ఇంకా తగ్గలేదు. ఆమె గోడల నీడ పట్టుకుని, ఒక చెయ్యి పిల్ల వీపు మీద, ఒక చెయ్యి తన పొట్ట మీద పెట్టుకుని నడుస్తోంది. తల్లి గుమ్మం దిగి వెనకే నాలుగడుగులు వేసింది. డాక్టరమ్మ ఆవిణ్ణీ రమ్మంది. కూతురు ఒక్కసారి వెనక్కి తిరిగి, ‘రా అమ్మా’ అంటే చాలు, ఉన్నపళాన వెళ్ళిపోతుంది.

వీధి చివర ఆమె ఆగింది. పిల్లని ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుంది. తల్లి ఊపిరి బిగబట్టి చూసింది.

ఆమె వెనక్కి తిరగకుండా మలుపు తిరిగిపోయింది.